మా ఆయన నీటి వంతు

మా ఆయన పేరు కొబిలో. ఆడమనిషే. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, కథ మధ్యలో నాకు అడ్డం రావద్దు. మా మరాక్వెట్ తెగవాళ్లలో ఇది తాతల నాటి పద్ధతి. మగపిల్లలు లేకుండా మొగుడు పోయిన ఆడది, వయసు మళ్లాక మేకల్ని ఓలిగా తోలుకెళ్లి ఒక పిల్లని అడిగి ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ రోజు నుంచి ఊరు ఆవిడని మగవాళ్లలో కలిపేస్తుంది. తెచ్చుకున్న పిల్లకి పుట్టే బిడ్డలు ఆవిడ పోయిన మొగుడి పేరు మోస్తారు, పొలం ఆ పేరు మీదే నిలబడుతుంది.

నన్ను అలాగే తెచ్చుకుంది. అప్పటికి నాకు కడుపు. ఆ కడుపుకి కారణమైనవాడు మామిడికాయల లారీ ఎక్కి పోయాడు, మళ్లీ మా లోయ వంక చూడలేదు. వాడి పేరు చెప్పడం కూడా దండగ. మా నాన్న నన్ను మేకల దొడ్డి పక్కన పడుకోమని, తిండి మాత్రం లోపల్నించి పంపించేవాడు. అలాంటి రోజుల్లో కొబిలో మేకల్ని తోలుకుని మా వాకిట్లోకి వచ్చింది. జెలిమోని ఇస్తారా అని అడిగింది. జెలిమో అంటే నేనే. వరుడెవరని మా నాన్న అడిగితే, ఎదురుగా నిలబడ్డాను కదా, కనపడటం లేదా అంది. మా అమ్మ ఏడ్చింది. మా చెల్లెళ్లు నోటికి బట్టలు అడ్డం పెట్టుకుని నవ్వారు. కొబిలో మాత్రం నా కడుపు వంక చూసి, సగం పని ముందే అయిపోయింది, నాకు మేలే అంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడుస్తూనే ఆవిడ వెనక నడిచాను.

ఊళ్లోవాళ్ల ముందు ఆవిడ మా ఆయన. ఇంట్లో మాత్రం కొగో అనేదాన్ని, అంటే అవ్వ అని. నా కూతురు కబోన్ కూడా అలాగే పిలిచేది. అవును, కూతురే పుట్టింది. పొలానికి పేరు నిలబెడుతుందని తెచ్చుకున్న పెళ్లానికి తొలికాన్పులో ఆడపిల్ల. నేను మొహం చూపించలేక గోడ వైపు తిరిగి పడుకుంటే, కొగో పిల్లని ఎత్తుకుని, గొంతు విన్నావా, కొండ పైదాకా వినిపిస్తోంది, ఇది మనింటి పిల్లే అంది. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నాకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

అలాగని మేం పాలూ నీళ్లలా కలిసిపోయి ఉండేవాళ్లమని కాదు. సంకట్లో ఉప్పేశానని, తడి కట్టెలు తెచ్చానని, మేకపిల్లని కట్టెయ్యడం మర్చిపోతే తల్లి పాలన్నీ తాగేసిందని, రోజూ ఏదో ఒకటి. నా నోరు మంచిది కాదు, ఆవిడది నా నోటికి అమ్మమ్మ. పక్కింటివాళ్లు పొద్దున్నే మా గొడవ వింటూ పాలు పితుక్కునేవాళ్లు.

ఇక నీళ్ల సంగతి. మా ఇళ్లు కొండచరియ నడుమన మెట్టు మీద ఉంటాయి. చేలు కింద కెరియో లోయలో ఉంటాయి. నీళ్లేమో పైన అడవిలో పుడతాయి. పైన చలి, బంగాళాదుంపలు, గొర్రెలు. కింద ఎండ, జొన్న, రాగి, మామిడి, మేకలు, తుమ్మచెట్లకి వేలాడే తేనెతొట్లు. లోయలో వానని నమ్ముకుంటే గింజ ఇంటికి రాదు. అందుకని పై ఏటి నుంచి మా ముత్తాతలు రాళ్లూ దుంగలూ పేర్చి, నిలువు కొండని పట్టుకుని వేలాడే కాలువ ఒకటి కట్టారు. మేం తినేదంతా ఆ కాలువ పెట్టిందే. ఇంటింటికీ వంతులుంటాయి. గండి పడితే ప్రతి ఇంటి నుంచీ ఒక మగమనిషి పైకెళ్లి చెయ్యి వెయ్యాలి. వేసిన ఇంటికి వంతు ఉంటుంది, వెయ్యని ఇంటికి పోతుంది. వంతు పోయిందంటే అది మగదిక్కు లేని ఇల్లని ఊరు తేల్చేసినట్టే. ఆ పొలం దగ్గరి బంధువు చేతికి వెళ్లిపోతుంది.

ఆడవాళ్లం కాలువ తల దగ్గరికి పోకూడదు. దారిలో ఒక నిలువు రాయి ఉండేది. అక్కడిదాకా మేం సంకటి కుండలూ రాగి కల్లూ మోసుకెళ్లి దించితే, అక్కడి నుంచి మగవాళ్లు పట్టుకుపోతారు. రాయి దాటి ఆడది అడుగు వేస్తే కాలువకి కోపం వచ్చి నీళ్లు ఇంకిపోతాయని నమ్మకం. కొగో నన్ను తెచ్చుకున్నాక ఆ రాయి దాటి వెళ్లేది. మొదటిసారి దాటినప్పుడు వెనక్కి తిరిగి, కల్లు కుండ దించుతున్న నా వైపు చూసి, భుజం మీది దుప్పటి ఎగరేసి మరీ వెళ్లింది.

కబోన్‌కి పాలపళ్లు ఊడుతున్న ఏడు పైన అడవిలో వాన కుమ్మేసింది. కింద లోయలో చినుకు లేదు. కాలువ నిలువు కొండని పట్టుకుని నడిచే చోట కొండే జారిపోయింది. గోడ పోయింది, నీళ్లన్నీ లోయలోకి దూకి పనికిరాకుండా పోతున్నాయి. జొన్న అప్పుడు పొట్ట మీద ఉంది. ఇంకొన్నాళ్లు తడి తగలకపోతే కంకి బయటికి రాకుండానే ఎండిపోతుంది. కాలువ పెద్ద యాతోర్, రేపు పొద్దున్నే ఇంటికొక మగమనిషి రావాలని కబురు పంపించాడు.

మా ఇంటి మగమనిషి ఆ సమయానికి మోకాలు గుమ్మడికాయంత చేసుకుని పడుకుని ఉంది. గాదెలో దూరిన మేకని తరుముతూ రాళ్ల మీద పడింది. ఆ వయసులో మేకని తరమడమెందుకు, నన్ను పిలవచ్చు కదా అంటే, పిలిస్తే నువ్వొచ్చేలోపు అది గాదెలో ఇల్లు కట్టుకునేది అంది. కాలు కింద మోపితే చాలు, ఆవిడ మొహం నల్లబడిపోయేది.

కబురు వచ్చిన సాయంత్రమే చెబొయ్ మా ఇంటికి వచ్చాడు. కొగో మొగుడి తమ్ముడి కొడుకు. దుంగలాంటి మనిషి. చెడ్డవాడని చెప్పను. ఒక్క చెక్క నేలని అన్నదమ్ములందరూ పంచుకోవాలి, ఒక్కొక్కడికి పెళ్లాం పిల్లలు. మా లోయలో మనుషులు పెరుగుతున్నారు కానీ కాలువ పారే నేల పెరగడం లేదు కదా. వచ్చినవాడు గుమ్మం బయటే కూర్చున్నాడు. మేకల గురించి మాట్లాడాడు, వాన గురించి మాట్లాడాడు, చివరికి నేల చూపులు చూస్తూ అసలు మాట బయటపెట్టాడు.

"రేపు మీ ఇంటి నుంచి ఎవరొస్తున్నారు పెద్దమ్మా?"

"ఇంటాయనే వస్తాడు. నీకెందుకు?"

"ఆ మోకాలితోనా? మొండికెయ్యకు. పొలం నాకొదిలెయ్. నీ తిండీ బట్టా నే చూసుకుంటా. నిన్ను ఆకలితో ఉంచుతానా?"

"ఉంచవులే. మరి జెలిమో, పిల్లా?"

చెబొయ్ కాసేపు పుల్లతో నేల గీకాడు.

"ఆమెకి పుట్టిల్లుంది కదా" అన్నాడు.

అతను వెళ్లిపోయాడు. నేను పొయ్యి ముందు కూర్చుని సంకటి కెలుకుతూనే ఉన్నాను, అది అడుగంటే దాకా. నాకు పుట్టిల్లు లేదు. అక్కడ నా కోసం ఉన్నది మేకల దొడ్డి పక్కన చోటు, ఈసారి దాన్ని నా కూతురితో పంచుకోవాలి. కొగో మాడిన సంకటిని వంక పెట్టకుండా తినేసింది. ఆవిడ వంక పెట్టకపోవడం చూసి నాకు ఇంకా భయం వేసింది. చెయ్యి కడుక్కున్నాక అంది:

"తెల్లారగానే నన్ను వీపునేసుకో."

కబోన్‌ని పక్కింట్లో వదిలేసి, తెల్లారుతుండగా బయల్దేరాను. కట్టెల మోపుకి కట్టే తోలుపట్టీనే ఆవిడ నడుం కింద నుంచి తిప్పి నా నుదుటికి వేసుకున్నాను. పక్కింటావిడ పాలకుండతో బయటికొచ్చి మమ్మల్ని చూసి, మొగుణ్ని నెత్తికెక్కించుకోవడం అంటే విన్నాను గానీ చూడటం ఇదే అంది. వీపు మీద నుంచే కొగో ఆవిడకి తగిన జవాబు చెప్పింది. అది ఇక్కడ చెప్పేది కాదు.

కొండ ఎక్కడం నాకు కొత్త కాదు. మనిషిని మోసుకుంటూ ఎక్కడం కొత్త. మొదట్లో కొగో నోరు ఆగలేదు. ఎడమ కాలు ముందు పెట్టు, ఆ రాయి కదులుతుంది, నా కంటే నీ ఊపిరే బరువుగా ఉన్నట్టుంది. తర్వాత తర్వాత మాటలు తగ్గిపోయాయి. ప్రతి కుదుపుకీ మోకాలు సలుపుతోందని నా భుజాన్ని పట్టుకున్న వేళ్లే చెప్పాయి. పాత దారి చాలా చోట్ల కొట్టుకుపోయింది. ముందు వెళ్లిన మగవాళ్ల అడుగులు బురదలో కనిపిస్తుంటే వాటినే పట్టుకుని ఎక్కాను. నుదుటి మీద పట్టీ ఉంటే తల ఎత్తలేం, మన పాదాలే మనకి లోకం. నిలువు రాయి ఎప్పుడొస్తుందా, అక్కడ ఈవిడని దించి ఎవరినైనా పిలుద్దామా అని చూస్తూనే ఉన్నాను. రాయి రాలేదు. ఇంకా పైనుందేమో అనుకున్నాను. ఇంకా ఎక్కాను.

ఉన్నట్టుండి నీళ్ల హోరు చెవుల్లో పడింది. ఆ హోరు వెనక మనుషుల మాటలు ఆగిపోయాయి. పట్టీ పైకి జరిపి తలెత్తి చూశాను. ఎదురుగా తెగిన కాలువ, దాని మీద రాళ్లు పట్టుకుని నిలబడ్డ ఊరి మగవాళ్లందరూ. అందరూ నన్నే చూస్తున్నారు.

ఆడది దాటిందని ఎవరో అన్నారు. తర్వాత అందరూ ఒకేసారి అనడం మొదలుపెట్టారు. ఇక ఈ గండి పూడదని ఒకడు, మేకని కోసి రక్తం చిలకరిస్తే తప్ప పని మొదలెట్టకూడదని ఇంకొకడు. ఎవరింటి ఆడదో ఆ ఇంటికి వంతు కాదు కదా, దారి కూడా ఉండకూడదని మరొకడు. చెబొయ్ ఏమీ అనలేదు, అనాల్సిన పని అతనికి లేకుండా పోయింది. వెనక్కి తిరిగి పారిపోదామంటే వీపు మీద మనిషి. ఆవిడని దించుదామంటే ఎక్కడ దించితే ఇంకే తప్పవుతుందో తెలియదు. ఉన్న ఒక్క ఆశనీ నా రెండు కాళ్లతో నేనే తొక్కేశాననుకున్నాను.

నా చెవి పక్క నుంచి కొగో గొంతు లేచింది.

"దాటింది దాటింది అంటున్నారు. ఏం దాటింది? రాయేదీ? చూపించండి."

మగవాళ్లు కిందికి చూశారు. కొండ జారిన చోట ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. రాయి కూడా కొండతో పాటు జారిపోయింది. పొద్దున్న చీకట్లో ఎక్కిన మగవాళ్లలో ఒక్కడూ దాన్ని గమనించలేదు. మగవాడికి దానితో పనేముంది?

"రాయి లేకపోతే చోటు తెలీదా ఏంటి?" అన్నాడొకడు.

"తెలిస్తే వెళ్లి నిలబడు. చూస్తాను" అంది కొగో.

అతను దిగివెళ్లి ఒక చోట నిలబడ్డాడు. అక్కడ కాదు, ఇంకా ఇవతల అన్నాడు ఇంకొకడు. మా తాత నాటి నుంచీ ఆ అడవి ఆలివ్ మోడు పక్కనే అన్నాడు మూడోవాడు. ఆ మోడు కూడా లేదు. నీళ్లు అలా దూకుతూనే ఉన్నాయి, వీళ్లు లేని రాయి గురించి కొట్టుకుంటున్నారు.

అప్పుడు కదిలాడు యాతోర్. బక్కపలచని ముసలాయన, చేతికర్ర లేకుండా నడవడు. మెల్లిగా దిగి నా దగ్గరికి వచ్చాడు. నా పాదాల వంక చూశాడు, రాళ్లకి కోసుకుని నెత్తురు బురదలో కలిసి ఉంది. వీపు మీది కొగో మొహం వంక చూశాడు. తర్వాత జారిపడ్డ రాళ్లలో పొడుగ్గా ఉన్నదాన్ని కర్రతో తట్టి, ఇద్దర్ని పిలిచి దాన్ని ఎత్తించాడు. సరిగ్గా నా కాలి బొటనవేళ్ల ముందు గుంట తీయించి నిలబెట్టించాడు.

"పాత రాయి పోయింది. ఊరికి రాయి కావాలి కదా, ఇదిగో పెట్టాను" అన్నాడు. "ఈ పిల్ల ఆడవాళ్ల వైపే ఉంది. ఇంక పని చూడండి."

అంతే అని, వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టాడు. నా బొటనవేలికి ఆ రాయి చల్లగా తగులుతోంది. వీపు మీద మనిషి లేకపోతే ఆయన కాళ్ల మీద పడిపోయేదాన్ని. ఇప్పటికీ యాతోర్ తాత పేరు ఎవరు ఎత్తినా ముందు దణ్ణం పెట్టుకుని తర్వాత వింటాను.

నాలుగడుగులు ఎక్కి ఆయన, ఆ ఇంటాయన్ని ఎవరైనా ఇటు తెండి అన్నాడు. అందరిలోకీ బలంగలవాడు చెబొయ్, అందులోనూ బంధువు. కర్ర అతని వైపే చూపించింది. చెబొయ్ వచ్చి, నా మొహం చూడకుండా కొగోని తన వీపు మీదికి మార్చుకున్నాడు. మెల్లిగా, నేనేం నువ్వు దొంగిలించిన మేకని కాదు అంది ఆవిడ. ఒకరిద్దరు నవ్వారు.

యాతోర్ తాత రాయి పాతిన చోటు ఎలాంటిదంటే, అక్కడి నుంచి గండి మొత్తం కనిపిస్తుంది. మా వాళ్లలో ఆ పని కళ్లారా చూసిన మొదటి ఆడదాన్ని నేనేనేమో.

పని సాగడం లేదు. ఏటి దగ్గర కాలువ మూతి మూసేద్దామంటే బండలు అడ్డం పడి తలుపు కదలడం లేదు. నీళ్లు ఆగవు. గడ్డీ మట్టీ రాళ్లూ పేర్చినంతసేపు పట్టదు, నీళ్లు వచ్చి తోసుకుపోతున్నాయి. గండికి కాస్త పైన కాలువ మనిషి వెడల్పుకి సన్నబడుతుంది. అక్కడ ఎవరో ఒకరు అడ్డంగా కూర్చుంటే నీళ్లు పక్కనున్న బండ మీదుగా వాగులోకి పొర్లిపోతాయి. ఆ సందులో కింద గోడ కట్టుకోవాలి. పూర్వం అలాగే చేసేవాళ్లట. కానీ పూర్వం మనుషులుండేవాళ్లు. ఇప్పుడు కుర్రాళ్లలో సగం మంది ఎల్డొరెట్ పట్నంలో మోటారుసైకిళ్ల మీద జనాన్ని తిప్పుతున్నారు, ఇక్కడ రాళ్లందించడానికే చేతులు చాలడం లేదు. ఒక మనిషిని ఊరికే కూర్చోబెడితే ఎలాగని వాళ్లు తర్జనభర్జన పడుతుంటే, బండ మీద దించిన కొగో అరిచింది.

"కూర్చోడానికి మోకాలెందుకయ్యా? నన్ను దింపండి అందులో."

దింపారు. అడవిలో పుట్టిన నీళ్లు, చెయ్యి పెడితే ఎముక జివ్వుమంటుంది. ఆవిడ కాళ్లు చాపుకుని, వీపు నీళ్లకి పెట్టి, రెండు చేతులూ రెండు గట్లకి ఆనించి కూర్చుంది. నీళ్లు భుజాల దాకా ఎక్కి, దారి లేక బండ మీదుగా పొర్లిపోయాయి. గండిలో ధార సన్నబడింది. చెబొయ్ నడుముకి తాడు కట్టుకుని, దాని కొసని గట్టు మీది పొదకి ముడేసి, గోడ బయటివైపు, పాదం పట్టేంత అంచు మీదికి దిగాడు. కింద నుంచి దుంగలు బిగించాలి, దాని మీద మిగతావాళ్లు రాళ్లు పేర్చాలి. అతని కింద ఇంకేమీ లేదు, లోయే.

మొదట్లో కొగో తిట్లు నాదాకా వినిపించాయి. త్వరగా కానీరా, నా నడుం బిగుసుకుపోతోంది, మీ తాతలైతే ఈపాటికి కట్టేసి కల్లు తాగేవాళ్లు. మగవాళ్లు నవ్వుతూ పని చేశారు. కింద ఆడవాళ్లు కుండలతో వచ్చారు. కొత్త రాయిని చూసి, దాని పక్కన నన్ను చూసి నోళ్లు తెరిచారు. నేను వాళ్లకి చెప్పే స్థితిలో లేను. ఎందుకంటే కొగో తిట్టడం మానేసింది.

తల ముందుకి వాలింది. పెదాలు బూడిద రంగుకి తిరిగాయి. రాళ్లందిస్తున్న ఒకడు భయపడి, లే పెద్దమ్మా, ఇంకొకడు కూర్చుంటాడు అన్నాడు. ఆవిడ తల కొంచెం ఎత్తింది.

"కింద వాడున్నాడా ఇంకా?"

"ఉన్నాడు. దుంగ సగమే బిగిసింది."

"అయితే నోర్మూసుకుని రాళ్లందించండి."

అప్పుడు నాకు అర్థమైంది. మనిషి మారాలంటే ఒక్క క్షణం ఆవిడ లేవాలి. ఆ క్షణంలో ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా దూకుతాయి. బిగియని దుంగలూ, వాటి కింద నిలబడ్డ చెబొయ్, అతని తాడు కట్టిన పొదా, అన్నీ కలిసి లోయలోకి పోతాయి. అతను పోతే మా పొలం అడిగేవాడు ఉండడు. ఆ ఆలోచన ఆవిడకి వచ్చిందో లేదో నాకు తెలియదు. నాకైతే వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసి ఆ రాయిని రెండు చేతులతో పట్టుకున్నాను. ఆవిడ మాత్రం కదల్లేదు. నీళ్లు వెనక నుంచి తోస్తున్నాయి, ఆవిడ చేతులు గట్లని వదల్లేదు.

ఎట్టకేలకి చెబొయ్ పైకి పాకాడు. దుంగలు బిగిశాయి, గోడ నిలబడింది. అతను ఒళ్లు దులుపుకుంటూ, పెద్దమ్మని లేపండి అన్నాడు. అప్పుడు చూశాడు ఆవిడ మొహం. పక్కనున్నవాడు అతని చెవిలో ఏదో చెప్పాడు. చెబొయ్ ఒక్క దూకుతో కాలువలోకి దిగాడు. ఆవిడని ఎత్తితే ఒళ్లు కూర్చున్నట్టే వంగి ఉండిపోయింది, కాళ్లు సాగడం లేదు. తన కోటు విప్పి చుట్టి, ఆ వంగిన మనిషిని అలాగే వీపునేసుకున్నాడు.

నీళ్లు కొత్త గోడ పక్క నుంచి పారడం మొదలెట్టాక యాతోర్ తాత గట్టు మీద నిలబడి ఒక్కో ఇంటి పేరూ పిలిచాడు. మా దగ్గర అది తప్పదు. ఎంత రాయి మోసినా, పిలిచినప్పుడు ఆ ఇంటి మనిషి గొంతెత్తి ఉన్నానని చెప్పాలి. చెప్పకపోతే రానట్టే, వంతు దగ్గరి బంధువుకి పోతుంది. ఇళ్లు ఒక్కొక్కటీ అయిపోతున్నాయి. ఉన్నాను, ఉన్నాను అంటున్నారు. కొబిలో ఇల్లు అని పిలుపు వచ్చింది.

కొగో నోరు తెరవబోయింది. దవడలు పట్టేశాయి, పళ్లు టకటకమన్నాయి తప్ప మాట రాలేదు. యాతోర్ తాత మళ్లీ పిలిచాడు. నా గొంతులో అరుపు ఉంది, కానీ రాయికి ఇవతల నుంచి ఆడదాని అరుపు ఎవరికి లెక్క? అరిస్తే ఉన్నది కూడా చెడుతుంది. దగ్గరి బంధువు చెబొయ్. అతను అబద్ధం చెప్పక్కర్లేదు, ఎవరినీ మోసం చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు, పొలం అతనిది. యాతోర్ తాత మూడోసారి పిలవడానికి ఊపిరి తీసుకున్నాడు.

"ఉంది" అన్నాడు చెబొయ్. గొంతు బొంగురుగా వచ్చింది, మళ్లీ సవరించుకుని గట్టిగా అన్నాడు. "కొబిలో ఇల్లు ఉంది. నా వీపు మీదుంది. నేను కింద ఉన్నంతసేపూ పైన కూర్చునే ఉంది. ఆ ఇంటికి వంతుంది."

యాతోర్ తాత తలూపి తర్వాతి పేరు పిలిచాడు. నేను కల్లు కుండల మధ్య కూలబడి ఏడ్చాను. ఆడవాళ్లకి ఏం జరిగిందో తెలియదు, అయినా నాతో పాటు ఇద్దరు ముగ్గురు ఏడ్చారు.

చెబొయ్ ఆవిడని నా దగ్గరికి తెచ్చాడు కానీ దించలేదు. ఇల్లు దాకా తనే మోశాడు, నేను ఖాళీ చేతులతో వెనక నడిచాను. దారిలో ఒక్క మాటే అన్నాడు, వచ్చేసారి ఈవిడని మొయ్యడానికి నన్ను పిలువు, నువ్వు మొయ్యకు అని. అతని పెళ్లాం ఆ సాయంత్రమే మేక కొవ్వు వేసి కాచిన చారు పంపించింది. పొయ్యి రాళ్లు కాచి గుడ్డల్లో చుట్టి కొగో నడుముకి పెట్టాను. కబోన్ ఆవిడ పక్కలో దూరి పడుకుంది, పిల్ల ఒళ్లు పొయ్యి కంటే వేడి కదా. జ్వరం వచ్చింది, తగ్గింది. దగ్గు మాత్రం మిగిలింది. చారులో ఉప్పు తక్కువైందని ఆవిడ గొణిగినప్పుడు, ఈ మనిషి బతికిందని నాకు నమ్మకం కుదిరింది.

మా వంతు మిట్టమధ్యాహ్నం వచ్చింది. తనూ చూడాలని కొగో పట్టుపట్టింది. చెబొయ్ మోసుకొచ్చి చేను గట్టు మీద, మామిడి నీడలో కూర్చోబెట్టి తన పని మీద వెళ్లాడు. నేను మడవ తెరిచాను. నీళ్లు బుసకొడుతూ ఎండిన మట్టిలోకి వచ్చాయి, నేల పీల్చుకుంటున్న చప్పుడు వినిపించింది. కబోన్ నీళ్ల ముందు పరిగెత్తుతోంది. పొట్ట మీదున్న జొన్న ఆకులు వాడిపోయి చుట్టుకుపోయి ఉన్నాయి, ఇంక విచ్చుకుంటాయి. నేను వెళ్లి కొగో పక్కన కూర్చున్నాను. నాకు ఇలాంటి మాటలు రావు, మాకు తిట్టుకోవడమే వచ్చు. అయినా చెప్పాను.

"కొగో, నాకు ఇల్లంటూ ఉందంటే నీ వల్లే. నా పిల్లకి పేరుందంటే నీ వల్లే. నీకు నేనేం చెయ్యలేను. ఊరికే చెప్తున్నా."

ఆవిడ నీళ్ల వైపే చూస్తూ దగ్గింది. తర్వాత అంది:

"నువ్వొచ్చేదాకా నాకు మాత్రం ఇల్లెక్కడుందే? పొద్దస్తమానం గోడలతో పోట్లాడేదాన్ని. ఒక్క గోడా తిరిగి మాట అనేది కాదు."

నేను మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, తర్వాత దానితోనే నన్ను ఒక తోపు తోసింది. ఆ మూల మడవ తెగుతోంది, ఏడుపు తర్వాత, ముందు లేచి అది కట్టు అంది. నేను లేచి వెళ్లి కట్టాను.